కుట్ల మచ్చను ఎవరి చర్మంతో కొలుస్తున్నాం?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. వీటిలో ఎన్ని అవసరం, ఎన్ని అనవసరం అన్న తగవు ఏళ్లుగా నడుస్తూనే ఉంది. కోత పడ్డాక ఆ చర్మం ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం అందులో ఎక్కడా వినిపించదు.

మనం ‘మచ్చ’ అని ఒక్క మాటతో సరిపెట్టేదానిలో రెండు వేర్వేరు సంగతులున్నాయి. మొదటిది నలుపు. రంగునిచ్చే కణాల సంఖ్య అందరి చర్మంలోనూ దాదాపు ఒకటే అయినా, ముదురు ఛాయలో అవి గాయపు వాపు తగలగానే రంగు పదార్థమైన మెలనిన్‌ను కుమ్మరిస్తాయి. ఆ నలుపు విరగడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. రెండోది కండ పెరగడం, డాక్టర్ల మాటలో కీలాయిడ్. గాయం పూడినా చర్మాన్ని అతికే కొల్లాజెన్ అనే ప్రోటీన్ తయారీ ఆగకపోవడంతో మచ్చ కోత హద్దు దాటి పక్క చర్మంలోకి పాకుతుంది, దురద పెడుతుంది, లోదుస్తు అంచు ఒరుసుకున్నప్పుడల్లా సలుపుతుంది. తెల్లవారిలో కంటే ఆఫ్రికా, ఆసియా మూలాలవారిలో ఇది ఎక్కువ. అలాగని నేరం మెలనిన్‌ మీద మోపలేం: టాంజానియాలో పుట్టుకతో మెలనిన్ లోపించిన వారిలోనూ ఇది మిగతావారితో దాదాపు సమానంగానే కనిపించింది. వంశంలో నడిచే గుణానికి ఛాయ పైకి కనబడే ఆనవాలు, అంతే. మన ఇళ్లలోనైతే బాలింత వంకాయ తిన్నదనో, పత్యం తప్పిందనో తీర్పు చెప్పేస్తారు.

ఇంట్లోవాళ్లను క్షమించవచ్చు గానీ వైద్యశాస్త్రం చేతిలోని కొలబద్దలను క్షమించడం కష్టం. ఎండకు చర్మం స్పందించే తీరును బట్టి రకాలు కట్టిన ఫిట్జ్‌పాట్రిక్ పట్టికలో 1975 నాటికి ఉన్నవి తెల్ల చర్మపు నాలుగు రకాలే. గోధుమ, నల్ల చర్మాలను ఆ తరువాత అయిదు, ఆరు అంకెలుగా తోకకు తగిలించారు. మచ్చలకు మార్కులు వేసే వాంకూవర్ పట్టిక 1990లో కాలిన గాయాల కోసం వచ్చింది. మచ్చ గులాబీ రంగులో ఉందా, ఎర్రగా ఉందా, ఊదాగా ఉందా అని అడిగే వరుస ఒకటి అందులో ఉంది. చామనఛాయ పొట్ట మీద గులాబీ రంగును ఎవరు వెతికి పట్టుకోగలరు? ఈ మధ్య ఒక బాలింత డిశ్చార్జ్ కాగితం నా చేతికి వచ్చింది. ‘కుట్ల దగ్గర ఎర్రబడితే వెంటనే రాగలరు’ అని అచ్చువేసి ఉంది. ఆమె ఛాయలో ఇన్ఫెక్షన్ ఎర్రగా కనిపించకపోవచ్చు, చుట్టుపక్కల కంటే ముదురుగా, ఊదాగా తేలవచ్చు. వేడి, గట్టిదనం, నొప్పి చేతికి తెలుస్తాయి. కాగితం వాటి ఊసే ఎత్తలేదు. కోవిడ్ రోజుల్లో వేలికి తొడిగిన ఆక్సిమీటర్ నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్‌ను ఉన్నదానికంటే ఎక్కువగా చూపిన సందర్భాలు 2020లో అమెరికాలో బయటపడ్డాయి కదా, ఇదీ ఆ కుదురులోదే.

ప్రాణం దక్కితే చాలు, మచ్చదేముంది అనే సర్జన్లున్నారు. పొత్తికడుపు కింద అడ్డంగా పెట్టే కోత మీద బిగువు తక్కువ కాబట్టి చాలామందికి చక్కగానే మానుతుందని కూడా అంటారు, అదీ నిజమే. కానీ ఆ మిగిలిన కొందరెవరో ముందే కనిపెట్టడానికి ఒక్క నిమిషం చాలు. చెవి కుట్టిన చోట గడ్డ కట్టిందా, ఎడమ భుజం మీద బీసీజీ టీకా మచ్చ ఉబ్బిందా, తల్లికో అక్కకో కండ పెరిగిందా అని ఆపరేషన్‌కు ముందే అడగాలి. అవునన్నవారికి గాయం మూసుకోగానే మచ్చ మీద అంటించే సిలికాన్ షీటు, మచ్చ ఉబ్బడం మొదలవగానే ట్రయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వవచ్చు. పెరిగాక కోసి తీసేద్దామనుకుంటే, ఉత్త కోతతో చాలామందిలో అది తిరిగి మొలుస్తుంది.

మన ఆసుపత్రులు కుట్లు చూసేది వారం, పది రోజులకు. కీలాయిడ్ తల ఎత్తేది నెలలు గడిచాక, అప్పటికి ఆ పొట్టను చూసేవారు ఎవరూ ఉండరు. బిడ్డకు 14వ వారం టీకా వేయించడానికి తల్లి ఎలాగూ వస్తుంది. బిడ్డ తొడకు సూది వేసే నర్సు తల్లిని పక్కగదిలోకి తీసుకెళ్లి, కుట్ల మీద వేలితో ఒకసారి తడిమి, టీకా కార్డు వెనక రెండు ముక్కలు రాస్తే ప్రభుత్వానికి పైసా ఖర్చు లేదు.