ఢిల్లీ–యాంగోన్ స్నేహంలో శ్రీకాకుళం లెక్క

ఢిల్లీలో మయన్మార్ మాట వస్తే అందరి చూపూ మణిపూర్, మిజోరాం వైపే పోతుంది. 1,643 కిలోమీటర్ల సరిహద్దు, చొరబాట్లు, సాయుధ దళాలు, ఆ వెనక చైనా. టీవీ చర్చల్లో ఇంతకు మించి వినపడదు. శ్రీకాకుళం తీరాన బారువలోనో కళింగపట్నంలోనో పుట్టినవాళ్ళకు మాత్రం మయన్మార్, అంటే వెనకటి బర్మా, ఆవలి ఒడ్డు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో "మా తాత రంగం పోయొచ్చాడు" అంటే అది రంగూన్ (ఇప్పటి యాంగోన్) అని ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. పాత పెంకుటిళ్ళ గుమ్మాలకు బర్మా టేకు వాడామని గొప్పగా చెప్పుకునే కుటుంబాలు ఇంకా ఉన్నాయి.

ఆ గొప్ప కొందరిదే. ఓడెక్కినవాళ్ళలో ఎక్కువమంది కూలీలు. మన రేవుల్లో స్టీమరు ఒడ్డుకు వచ్చేది కాదు, దూరంగా లంగరేసుకుని నిలబడేది. మనుషుల్నీ మూటల్నీ మసూలా పడవల్లో కెరటాలు దాటించి దాని మీదికి ఎక్కించేవాళ్ళు. కూలీల్ని కుదిర్చి తీసుకెళ్ళే మేస్త్రీ ముందుగానే అడ్వాన్స్ చేతిలో పెట్టేవాడు, అక్కడికి చేరాక కూలిలోంచి కోసుకునేవాడు. ఆ బాకీ తీరేదాకా కూలీ ఎక్కడ పని చేయాలో, ఎంతకు చేయాలో మేస్త్రీదే మాట. రంగం రేవులో బస్తాలు మోసింది, బియ్యం మిల్లుల్లో ఊకదుమ్ము పీల్చింది, రిక్షాలు లాగింది, నగరం మురికి ఎత్తింది వీళ్ళే. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే ఉన్నారు.

దీన్ని బర్మీయుల వైపు నుంచి కూడా చూడాలి. 1930ల మాంద్యంలో ధాన్యం ధర పడిపోయి, అప్పు తీర్చలేని రైతుల పొలాలు ఐరావతి డెల్టాలో తమిళ వడ్డీ వ్యాపారులైన చెట్టియార్ల చేతిలోకి పోయాయి. సొంత రాజధానిలో తామే మైనారిటీ అయ్యారు. కోపం రాకుండా ఎలా ఉంటుంది? కాకపోతే కోపం వడ్డీ వ్యాపారి మీద, దెబ్బలు కూలీకి. 1930 మేలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు బర్మీయుల్ని పనిలోకి తెచ్చుకున్నాయి. సమ్మె ముగిసి మనవాళ్ళు తిరిగి రాగానే ఆ బర్మీయుల్ని పొమ్మన్నాయి. ఆ గొడవ అల్లర్లుగా మారి వంద మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది భారతీయులే. కంపెనీలకు మాత్రం ఏమీ కాలేదు. 1941 డిసెంబర్‌లో జపాన్ బాంబులు పడ్డాక లక్షల మంది అడవుల గుండా అస్సాం వైపు నడిచారు. ఎంతమంది దారిలోనే పోయారో లెక్క లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక కథ నాయకుల చేతికి వెళ్ళింది. నెహ్రూ, బర్మా ప్రధాని ఊ నూల మధ్య ఉన్నది నిజమైన స్నేహమే, అందులో నాకు అనుమానం లేదు. 1949లో తిరుగుబాటుదారులు రంగూన్ దగ్గరికి వచ్చేస్తే ఊ నూ ప్రభుత్వాన్ని నిలబెట్టడానికి భారత్ ఆయుధాలిచ్చింది. 1951లో స్నేహ ఒప్పందం కుదిరింది. ఆ స్నేహానికి అసలు పరీక్ష 1962లో జనరల్ నే విన్ సైన్యంతో అధికారం పట్టాక వచ్చింది. 1964లో దుకాణాలు జాతీయం చేశాడు, పెద్ద నోట్లు రద్దు చేశాడు. ఆ దశకంలో మూడు లక్షల మంది దాకా భారతీయులు ఇల్లూ వాకిలీ వదిలి వచ్చేశారు. నగలు, డబ్బు కూడా దాదాపుగా తెచ్చుకోనివ్వలేదు. విశాఖలో దిగినవాళ్ళ గుర్తుగా కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ మిగిలింది. చైనాతో యుద్ధంలో దెబ్బతిని ఉన్న ఢిల్లీ ఈ విషయంలో పెద్దగా గొంతెత్తలేదు. 1967లో సరిహద్దు ఒప్పందం మాత్రం సాఫీగా అయిపోయింది.

దౌత్యపరంగా అది తెలివైన పనే కావచ్చు. కానీ ఆ తెలివికి ఖరీదు చెల్లించింది ఢిల్లీ కాదు. ఓడ దిగి, చిన్న వ్యాపారం పెట్టుకోమని సర్కారు ఇచ్చిన అప్పుతో మళ్ళీ మొదలుపెట్టిన కుటుంబాలు.

తర్వాత కూడా తీరు పెద్దగా మారలేదు. 1988లో ప్రజాస్వామ్య ఉద్యమాన్ని సమర్థించాం. తర్వాత కొన్నేళ్ళకే, ఒకవైపు ఆ ఉద్యమ నాయకురాలు ఆంగ్ సాన్ సూకీకి నెహ్రూ అవార్డు ఇస్తూనే ఇంకోవైపు జనరల్స్‌తో మాటలు కలిపాం. 2020లో మయన్మార్‌కు ఇచ్చిన సింధువీర్ జలాంతర్గామికి మరమ్మతులు జరిగింది మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లోనే. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ గద్దెనెక్కినా సంబంధాలు తెగలేదు. 2025 మార్చి 28 భూకంపం తర్వాత ఆపరేషన్ బ్రహ్మ పేరుతో మర్నాడే సహాయం పంపడం మాత్రం మెచ్చుకోవాల్సిన పని. ఆ సాయం పాలకుల కోసం కాదు, జనం కోసం.

ఈ పాత లెక్కలన్నీ ఇప్పుడెందుకంటే, మేస్త్రీ మళ్ళీ వచ్చాడు. ఈసారి టెలిగ్రామ్‌లో. థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం, నెలకు ఇంత జీతం అని చెప్పి, సరిహద్దు దాటించి మయన్మార్ వైపున్న మ్యావడీ పట్నం దగ్గర సైబర్ మోసాల కేంద్రాల్లో పడేస్తున్నారు. పారిపోదామంటే "నీ మీద ఇంత ఖర్చయింది, కట్టి పో" అంటారు. అదే అడ్వాన్స్ బాకీ. 2025 మార్చిలో మన ప్రభుత్వం వాయుసేన విమానాల్లో 540 మందికి పైగా వెనక్కి తెచ్చింది. అందులో తెలుగు కుర్రాళ్ళూ ఉన్నారు.

మూలపేటలో పోర్టు, భోగాపురంలో ఎయిర్‌పోర్టు అంటూ ఈ జిల్లాలను తూర్పు ఆసియాకు గుమ్మంగా చూపించే ప్రసంగాలు చాలా విన్నాం. వాటికంటే ముందు చేయగలిగిన పనులు ఉన్నాయి. విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో లైసెన్సున్న ఏజెంట్ల జాబితా ఉంది. దాన్ని తెలుగులో అచ్చువేసి ఈ రెండు జిల్లాల్లో ప్రతి గ్రామ సచివాలయం నోటీస్ బోర్డు మీదా అంటించడానికి ఏ దేశంతోనూ ఒప్పందం అక్కర్లేదు. యాంగోన్‌లోని మన రాయబార కార్యాలయంలో తెలుగు తెలిసిన ఒక ఉద్యోగిని పెడితే, కొడుకు ఫోన్ ఎత్తడం లేదని ఏడ్చే తల్లి మధ్యవర్తి కాళ్ళు పట్టుకోనక్కర్లేదు. మయన్మార్‌లోని మోన్ రాష్ట్రంలో ఇంకా మిగిలి ఉన్న తెలుగు కుటుంబాలకూ ఆ ఉద్యోగి పనికొస్తాడు.