పెన్నులో దాచే పిక్కుల గురించి

బాల్‌పెన్ను గొట్టంలో పట్టేలా పిక్కులను, అంటే తాళంచెవి లేకుండా తాళం తెరిచే సన్నని పనిముట్లను, ఇంట్లోనే తయారుచేసుకునే పద్ధతిని నేను చదివిన ఒక వ్యాసంలో వ్యాసకర్త శ్రద్ధగానే వివరించారు, అయితే ముఖ్యమైన విషయాలు కొన్ని వదిలేశారు. కారు వైపర్ రబ్బరుకు ఆనుకుని ఉండే సన్నని స్టీలు పట్టీ ఇందుకు బాగానే పనికివస్తుంది గానీ, గ్రైండర్‌పై ఆకారం తీర్చేటప్పుడు మాటిమాటికీ నీటిలో ముంచి చల్లార్చకపోతే, రంగు మారేంతగా వేడెక్కిన చోట ఉక్కు గట్టిదనం పోయి కొన వంగిపోతుంది.

అంతకన్నా పెద్ద లోటు, ఒత్తిడి ఇచ్చే ఎల్ ఆకారపు పట్టీకి ఒక్క వాక్యమే కేటాయించడం. లోపల చిన్న పిన్నుల వరుస ఉండే పిన్ టంబ్లర్ తాళంలో, ఆ పట్టీతో తాళంచెవి తిరిగే దిశగా ఇచ్చే స్వల్పమైన ఒత్తిడి నిలకడగా ఉన్నప్పుడే, పైకి లేపిన పిన్ను మళ్ళీ కిందికి జారకుండా ఆగుతుంది; నేర్పంతా ఆ వేలి ఒత్తిడిలోనే ఉంది, పిక్కు ఆకారంలో కాదు. గోద్రెజ్ నవతాల్ వంటి తాళాల్లో పిన్నులకు బదులు లీవర్లు (తాళంచెవి పైకి లేపే పలుచని లోహపు పలకలు) ఉంటాయి కాబట్టి ఈ పనిముట్లు వాటికి సరిపోవు.

పెన్నులో దాచడాన్ని మాత్రం నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. పొట్టి పిడి వల్ల పిన్నుల కదలిక చేతికి సరిగా తెలియదు. సరైన కారణం లేకుండా ఇటువంటి పనిముట్లు దగ్గర ఉంచుకోవడాన్ని జపాన్ 2003లో చేసిన చట్టంతో నిషేధించింది; అటువంటి చట్టం లేని చోట కూడా, దాచిపెట్టిన పనిముట్టును చూసిన పోలీసులకు అనుమానం రావడం సహజమే. సొంత తాళంపై ఇంట్లో సాధన చేసేవారికి మామూలు గుడ్డ సంచి చాలు.