అగ్ని లేని గృహస్థు

ఇంటి యజమాని అంటే ఎవరు అన్న ప్రశ్నకు మన శాస్త్రం ఒక జవాబు చెబుతుంది, ఇంగ్లండు చట్టం మరొకటి చెబుతుంది. ఇంట్లో గార్హపత్యాగ్నిని ఆరిపోకుండా కాపాడుకునేవాడే గృహస్థు అని శాస్త్రం. ల్యాండ్ రిజిస్ట్రీలో పేరెక్కినవాడే యజమాని అని చట్టం. నిరుడు నవంబరులో లీడ్స్ నగరంలో, నాలుగేళ్లుగా తాళం వేసి ఉన్న ఒక విక్టోరియా కాలపు వరస ఇంటిని కొన్న నాటి నుంచి ఈ ఏప్రిల్ రెండో వారం దాకా నేను చట్టరీత్యా యజమానిని, శాస్త్రరీత్యా బ్రహ్మచారిని. కుటుంబంతో అద్దె ఇంట్లోనే ఉంటూ, సొంత ఇంటికి వాయిదాలు కట్టుకుంటూ గడిపిన ఆ ఐదు నెలల పరిశోధనతో, ప్రజాహితం కోరి, ఈ దేశపు గృహ విధానానికి రెండు సవరణలు ప్రతిపాదించదలచుకున్నాను.

ముందుగా ఒక విషయం ఒప్పుకోవాలి. ఇంటి ప్రకటనలో ‘గ్యాస్ సెంట్రల్ హీటింగ్ కలదు’ అని రాసి ఉన్న మాట నిజం, అది అబద్ధం కాదన్నదీ నిజం. వేడినీళ్లు పారి గదులను వెచ్చబరిచే రేడియేటర్లు తొమ్మిది ఉన్నాయి. ఆ నీళ్లు కాచే బాయిలర్ వంటగది గోడకు వేలాడుతోంది. పైకప్పు మీద పొగగొట్టాలు రెండున్నాయి, నిప్పు లేనిదే పొగ రాదన్న సామెతను అవి నాలుగేళ్లుగా నిలబెడుతూనే ఉన్నాయి. లేనిదల్లా గ్యాసు ఒక్కటే. ప్రకటన అడుగున చీమతలకాయంత అక్షరాల్లో, ఇంట్లోని పరికరాలు వేటినీ తాము పరీక్షించలేదని కూడా వారు సెలవిచ్చారు. సెల్లార్‌లో మీటరు ఉండవలసిన చోట, మూత బిగించిన గొట్టం ఒకటి గోడలోంచి తల బయటపెట్టి, ఎవరు నువ్వు అన్నట్టు నా వంక చూసింది.

మన దేశంలో గ్యాసు ఒక వస్తువు: 14.2 కిలోల బండ, దాన్ని భుజాన వేసుకుని మెట్లెక్కే మనిషి, పుస్తకంలో ఒక సంతకం. బ్రిటన్‌లో అది వేదాంత విచారం. వీధి కింద పోయే గొట్టం ఒక కంపెనీది. ఆ గొట్టంలో పారే గ్యాసును మనకు అమ్మేది ఇంకొక కంపెనీ. మీటరు చాలాసార్లు వీరిద్దరిదీ కాక మూడో సంస్థ ఆస్తి. మీటరు దాటిన మరుక్షణం నుంచి ఉన్న గొట్టం, దాని తుప్పు, దాని కారుడు, దానివల్ల రాగల ఉపద్రవం మాత్రం నిర్ద్వంద్వంగా ఇంటివాడివి. లాభం ముగ్గురికి పంచి, భయాన్ని ఒక్కరికే వదిలేసిన ఈ ఏర్పాటులోని దూరదృష్టిని మెచ్చుకోకుండా ఉండలేం.

మొదట ఆ ఇంటి పాత ఖాతా ఉన్న అమ్మకపు కంపెనీకి ఫోను చేశాను. మర్యాద తెలిసిన మనిషి.

“మీటరు రీడింగు చెప్పండి.”

“మీటరు లేదండి.”

“పరవాలేదు. మీటరు మీద సీరియల్ నంబరు ఉంటుంది, అది చెప్పినా చాలు.”

మీటరు ఉంటేనే ఖాతా తెరుస్తారని, ఖాతా ఉంటేనే మీటరు పెడతారని ఆ సాయంత్రానికి బోధపడింది. చెట్టు ముందా, విత్తు ముందా అన్న మన పండితుల వాదానికి ఇక్కడ ఒక కాల్ సెంటరే నడుస్తోందన్నమాట. ఈ దేశంలో గ్యాసు వచ్చే ప్రతి చోటుకూ ఎంపీఆర్ఎన్ అనే సంఖ్య ఒకటి ఉంటుంది. ఆరు నుంచి పది అంకెలు. ఇంటికి జాతకం లాంటిది. మా ఇంటి జాతకం సంపాదించి చదివి వినిపిస్తే, ఆ చిరునామా తమ కంప్యూటరులో లేదన్నారు. వాడిన గ్యాసు ఘనమీటర్లను 1.02264తో హెచ్చించి, గ్యాసు ఎంత వేడినిస్తుందో చెప్పే కెలోరిఫిక్ విలువతో మళ్లీ హెచ్చించి, 3.6తో భాగించి గాని బిల్లు వేయని వ్యవస్థ ఇది. దశాంశ బిందువు తర్వాత ఐదు అంకెల దాకా గ్యాసు జాడ పట్టగలరు. అంతస్తుల ఇంటి జాడ పట్టలేరు.

అయితే తపాలా శాఖకు మాత్రం ఆ ఇల్లు చక్కగా తెలుసు. చిరునామా లేదన్న అదే కంపెనీ నుంచి, ‘ప్రస్తుత నివాసి గారికి’ అంటూ నెలకొక ఉత్తరం వచ్చేది. ఎవరో పాతవారు పడ్డ బాకీ చెల్లించకపోతే మేజిస్ట్రేటు దగ్గర వారంటు తెచ్చుకుని, లోపలికి ప్రవేశించి, మీటరు తొలగిస్తామని అందులో హెచ్చరిక. ఇది ఉత్త బెదిరింపు కాదు. 1954 నాటి చట్టమొకటి గ్యాసు కంపెనీలకు అందుకు వీలు కల్పిస్తోంది. వారంటు దాకా ఎందుకు మహాప్రభో, తలుపులు బార్లా తీసి, కరెంటు కెటిల్‌లో టీ పెట్టి కూర్చుంటాను, తొలగించడానికైనా సరే ఒక్కసారి వచ్చిపొండి అని జవాబు రాశాను. రాలేదు. పిలవని పేరంటానికి వస్తామని రాసేవారు పిలిస్తే రారన్న సంగతిని సామాజిక శాస్త్రజ్ఞులు గమనించాలి.

ఇదంతా నిప్పును కొత్తగా చూసిన దేశమైతే అర్థం చేసుకోవచ్చు. 1792లో విలియం మర్డాక్ అనే ఇంజనీరు కార్న్‌వాల్‌లోని రెడ్‌రూత్‌లో బొగ్గు గ్యాసుతో తన ఇంట్లో దీపాలు వెలిగించుకున్నాడు. అప్పటికి ఎంపీఆర్ఎన్ లేకపోవడం అతని అదృష్టం. ఉత్తర సముద్రంలో సహజవాయువు దొరికాక, 1967 నుంచి 1977 దాకా, దేశంలోని కోటికి పైగా ఇళ్లలో ప్రతి పొయ్యినీ కొత్త గ్యాసుకు తగ్గట్టు మార్చారు. అంటే రోజుకు రెండున్నర వేలకు తక్కువ కాకుండా ఇళ్లు. ఆ లెక్కన మా ఇంటికి అర నిమిషం పైచిలుకు పట్టాలి. ఐదు నెలలు పట్టిందంటే, మిగిలిన సమయమంతా నాగరికత అభివృద్ధి చెందడానికి ఖర్చయిందనుకోవాలి.

తెనాలి నుంచి నాన్నగారు వారానికోసారి ఫోనులో అడిగేవారు. “ఏరా, ఆ ఊళ్లో బండ దొరకదా?” దొరకదన్నాను. “మాకు కనెక్షను రావడానికి ఆరేళ్లు పట్టింది. నీకు ఐదు నెలలే కదా, కంగారెందుకు?” అన్నారు. పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసిన తరానికి ఇలాంటి విషయాల్లో ఉండే స్థిమితం మనకు లేదు. మా మామగారు మాత్రం బాయిలర్ ఈశాన్యంలో ఉండటమే అసలు కారణమని వీడియోలో చూసి తేల్చారు. కంపెనీ వారు చెప్పిన కారణాలన్నిటితో పోల్చి చూస్తే ఇదే కాస్త హేతుబద్ధంగా ఉందని నిష్పక్షపాతంగా చెప్పాలి.

పుష్యం వెళ్లాక మాఘంలో గృహప్రవేశానికి ముహూర్తం కుదిరింది. ఆ ఉదయం ఇంటి లోపల ఆరు డిగ్రీలు. పంతులుగారు తెనాలిలో చొక్కా లేకుండా మంత్రాలు చదువుతుంటే, మేము లీడ్స్‌లో పట్టుబట్టల మీద రెండేసి కోట్లు తొడుక్కుని అక్షతలు పట్టుకున్నాం. పాలు ఇండక్షన్ పొయ్యి మీద పెట్టాం. అందులో అగ్ని ఎక్కడుందని పంతులుగారికి సందేహం వచ్చింది గాని, విద్యుత్తు కూడా అగ్ని స్వరూపమేనని ఆయనే సమాధానపడ్డారు. పాలు పొంగాయి. నాలుగేళ్లలో ఆ ఇంట్లో వేడెక్కిన మొదటి పదార్థం అదే. పిల్లలిద్దరూ గిన్నె చుట్టూ చేతులు కాచుకున్నారు.

ఎట్టకేలకు మార్చి ఆఖరున వేరొక కంపెనీలో ఎవరో పుణ్యాత్మురాలు “ఉండండి, నేను చూస్తాను” అంది. పది రోజుల్లో మీటరు వచ్చింది. ఆమె ఏం చూసిందో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇక ప్రాణప్రతిష్ఠ. ఈ దేశంలో గ్యాసు గొట్టం ముట్టుకునే అర్హత గ్యాస్ సేఫ్ రిజిస్టరులో పేరున్నవారికే ఉంటుంది. 2009 ఏప్రిల్ 1న, కోర్గీ అనే పాత రిజిస్టరు స్థానంలో ఇది వచ్చింది. ఇంజనీరు కార్డు వెనక్కి తిప్పి చూడాలి: ఏయే పనులకు అర్హత ఉందో అక్కడ రాసి ఉంటుంది. పొయ్యి చేసేవారు బాయిలర్ చేయకపోవచ్చు, పెళ్లి చేయించే పంతులుగారు తద్దినం పెట్టించకపోయినట్టే. మా ఇంజనీరు గొట్టంలో ఒత్తిడి పట్టి, రెండు నిమిషాలు గేజీ వంక ధ్యానంగా చూశాడు. ముల్లు పడిపోయింది. నేల పలకలు లేపితే, రాగి గొట్టాలు నాలుగు గజాల మేర ఎవరో కోసుకుపోయారని తేలింది. దొంగకు మా చిరునామా దొరికింది. కంపెనీకే దొరకలేదు.

కొత్త గొట్టాలు పడ్డాక రేడియేటర్ల నాడి చూశాడు. పైభాగం చల్లగా ఉంటే లోపల గాలి చేరినట్టు, అడుగు చల్లగా ఉంటే బురద పేరుకున్నట్టు. మన వైద్యులు వాతమని, కఫమని అనేది దీన్నే. మా తొమ్మిదింటికీ రెండూ ఉన్నాయి. విప్పితే ఫిల్టరు కాఫీ డికాక్షన్ లాంటి ద్రవం దిగింది, ఉక్కు లోలోపల తుప్పు పట్టి నీళ్లలో కలిసిన ఫలితం. యంత్రంతో కడిగి, తుప్పు పట్టకుండా మందు పోసి, బాయిలర్‌లో నీటి ఒత్తిడి చూపే గేజీని సున్నా నుంచి ఒకటిన్నర బార్‌కు తెచ్చాడు.

బిల్లు దగ్గర మరో తత్వం తెలిసింది. రెండేళ్లకు పైగా ఎవరూ నివసించని ఇంటిని బాగుచేస్తే వ్యాట్ 20 శాతానికి బదులు 5 శాతమే. ఖాళీగా ఉందనడానికి కౌన్సిల్ నుంచి ఉత్తరం తేవాలి. అదే కౌన్సిల్‌కు, ఏడాదికి పైబడి ఖాళీగా ఉన్న ఇంటి మీద పన్ను రెట్టింపు చేసే అధికారం 2024 ఏప్రిల్ నుంచి ఉంది. ఒకే శూన్యం ఒక కాగితం మీద పుణ్యం, ఇంకో కాగితం మీద పాపం. కనుక నా మొదటి సవరణ: ఖాళీ అన్నది మంచిదో చెడ్డదో పార్లమెంటు ఒకే రోజున కూర్చుని తేల్చాలి. రెండోది మరింత మౌలికమైనది: ఇంటికి మీటరు అనే భావనను రద్దు చేసి, మీటరుకు ఇల్లు అని చట్టం మార్చాలి. రిజిస్ట్రేషను మీటరుకు చేసి, దాని చుట్టూ ఉన్న గదులను ఉచితంగా ఇచ్చినట్టు దస్తావేజులో రాసుకుంటే కొనేవాడికి తానేం కొన్నాడో స్పష్టంగా తెలుస్తుంది.

బాయిలర్ వెలిగించే రోజు బయట ఎండ కాస్తోంది. థర్మోస్టాట్‌ను ఇరవై డిగ్రీల దగ్గర పెడితే బాయిలర్ ఉలకలేదు, ఇంట్లో అప్పటికే ఇరవై ఒకటి ఉంది. ఇంజనీరు దాన్ని ముప్పైకి తిప్పి మంట చూపించాడు. నీలంగా, నిటారుగా, ఎంతో చక్కగా ఉంది. అందరం కిటికీలు తెరుచుకుని చూశాం.

ఆ మధ్యాహ్నమే తపాలా వచ్చింది. పాత కంపెనీ నుంచి, ప్రస్తుత నివాసి గారికి: తమ రికార్డులన్నీ క్షుణ్ణంగా పరిశీలించిన మీదట ఈ చిరునామాలో గ్యాసు సరఫరా లేదని నిర్ధారించుకున్నామని, వారంటు ప్రయత్నం విరమించుకుంటున్నామని, కలిగిన అసౌకర్యానికి మన్నించవలసిందని. కాలుతున్న రేడియేటరుకు వీపు ఆనించి, చెమటలు తుడుచుకుంటూ రెండుసార్లు చదివాను.