కల అని తెలిసీ సాగే కల

1975 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో అలాన్ వర్స్‌లీ అనే వ్యక్తి నిద్రలోంచి సంకేతం పంపాడు. రెమ్ నిద్రలో, అంటే కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దశలో, కాళ్లూ చేతులూ చచ్చుబడినట్టే ఉంటాయి, కళ్లు మాత్రం కదులుతాయి. తాను కలలో ఉన్నానని తెలియగానే, ముందే అనుకున్న ప్రకారం అతను కళ్లను ఎడమకూ కుడికీ తిప్పాడు. పరిశోధకుడు కీత్ హెర్న్ యంత్రం దాన్ని నమోదు చేసింది. మెదడు తరంగాల గీతలు మాత్రం నిద్రనే చూపుతున్నాయి.

కలల సిద్ధాంతాలను ఆ గీతల ముందు నిలబెట్టి చూడాలి.

మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్‌కు కల అంటే అణచుకున్న కోరిక వేసే మారువేషం. 'ఇది కలేలే' అన్న ఆలోచన కలలోనే వస్తుందని ఆయనా గమనించాడు. భయం తగ్గించి నిద్ర చెడకుండా చూసుకోవడానికి మనసు చేసే సర్దుబాటు అన్నాడు. పీడకలలో ఆ ఊరట నిజమే. కానీ పడుకోబోయే ముందు చేసుకున్న ఒప్పందాన్ని గుర్తుంచుకుని కళ్లు తిప్పడానికి ఊరట ఒక్కటే చాలదు.

1977లో నిద్ర పరిశోధకులు హాబ్సన్, మెకార్లీ కోరికలను పక్కన పెట్టారు. మెదడు అడుగున ఉండే కాండం నుంచి ఎగసే సంకేతాలకు పైమెదడు అల్లే కథే కల అన్నారు. కలలోని అతుకులబొంత తీరుకు ఇది బాగా సరిపోతుంది. మరి అల్లికను అల్లికగా గుర్తించేది ఎవరు? రెమ్ నిద్రలో మంచిచెడ్డలు బేరీజు వేసే ముందరి మెదడు భాగాలు మందగిస్తాయి కాబట్టే ఎంత వింతనైనా నమ్మేస్తాం. ఇది కలే అన్న ఎరుక ఉన్న కలలో ఆ భాగాలు మళ్లీ చురుకవుతాయని 2009లో ఉర్సులా వోస్, హాబ్సన్ బృందం చెప్పింది. ఇది నిద్ర, మెలకువ కలిసిన స్థితి అంది. అయితే ఆ ఆధారం ముగ్గురి కలలదే. పైగా ఆ చురుకుకు గుర్తుగా చూపిన మెదడు తరంగాల్లాంటివాటిని కంటి కదలికలు కూడా పుట్టిస్తాయన్న విమర్శ గట్టిది.

నాకు సబబుగా తోచేది ఒకటే: కలను అల్లే పనీ, దాన్ని గమనించే పనీ వేరు. మామూలుగా రెండోది నిద్రపోతుంది, అప్పుడప్పుడు మేలుకుంటుంది. 2021లో నాలుగు దేశాల ప్రయోగశాలల్లో కల కంటున్నవారిని లెక్కలు అడిగారు. ఎనిమిదిలోంచి ఆరు తీస్తే ఎంత అంటే, ఒకరు కళ్లు రెండుసార్లు తిప్పి జవాబిచ్చారు. మొత్తం 158 ప్రయత్నాల్లో సరైన జవాబులు సుమారు 18 శాతమే. 60 శాతానికి పైగా మౌనం. ఆ మౌనంలో ఎరుక జారిపోయిందా, ప్రశ్నే కలలోకి చేరలేదా అన్నది తేల్చే ప్రయోగాలు ఇప్పుడు కావాలి.