మూలమట్టం దెయ్యం గుర్తు కాదు

మా చుట్టుపక్కల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ధవళేశ్వరం ఆనకట్టను ఫ్రీమేసన్లనే రహస్య సంఘం కట్టించిందట, బ్యారేజీ స్తంభాల మీద వాళ్ల గుర్తులున్నాయట. వాళ్లు సైతానును కొలుస్తారట, జనాన్ని కిరస్తానంలో కలుపుతారట, ఇప్పటికీ లండన్ చెప్పినట్టే నడుస్తారట. అడుగున వృత్తలేఖిని, గోడ మూల సరిచూసే మూలమట్టం కలిపిన బొమ్మ పెట్టి "ఇదే దెయ్యం ముద్ర" అని రాశారు. ఆ బొమ్మ చూశాకే నాకు కడుపు మండింది. మా నాన్న తాపీ మేస్త్రీ. ఆయన గోనెసంచిలో ఒక పక్క అరిగిన ఇనుప మూలమట్టం, రసమట్టం, తూకపు గుండు, పిడి వదులైన తాపీ ఉంటాయి. మేసన్ అంటేనే మేస్త్రీ. రాతిపనివాళ్ల సంఘాల పనిముట్లనే ఈ ఫ్రీమేసన్లు చిహ్నాలుగా తీసుకున్నారు. మనిషి నడత మూలమట్టానికి సరిపోవాలని దాని భావం.

ముందు ఆనకట్ట సంగతి. ఇప్పుడు మనం బస్సులో దాటే 175 గేట్ల బ్యారేజీ తెల్లదొరల కాలపు ఇంజనీరు కాటన్ కట్టింది కానే కాదు. అది స్వతంత్రం వచ్చాక మన ఇంజనీర్లు కట్టింది, 1982లో పూర్తయింది. కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కి ముగించింది రాయీ సున్నంతో నదికి అడ్డంగా వేసిన పొట్టి కట్ట. ఈ స్తంభాలు అప్పటికి లేనే లేవు, ఇక వాటి మీద గుర్తులెక్కడివి? ఆ కట్టకు దారి చూపిందీ ఏ రహస్య సంఘమూ కాదు, కావేరి మీద చోళులు వేసిన కల్లణై ఆనకట్ట. లోతు అందని ఇసుకలో పునాది నిలపడం ఇక్కడివాళ్లను చూసే నేర్చుకున్నామని కాటనే ఒప్పుకున్నాడు. ధవళేశ్వరం కొండను పగలగొట్టి రాయి మోసింది వేలమంది కూలీలు. వాళ్లను కూడగట్టి పని నడిపించినవాడు వీణం వీరన్న. నందన కరువులో జనం మాడిపోయారు, 1839 ఉప్పెన కోరంగిని ముంచింది. ఆ తర్వాత ఈ చేతులు కట్టిన కట్టను మంత్రతంత్రాల ఖాతాలో వేస్తే నేను ఊరుకోలేను.

పాత వంతెనల మీద కనిపించే బాణం గుర్తులంటారా? అవి నీటిమట్టం, నేలమట్టం కొలవడానికి సర్వేవాళ్లు చెక్కుకునేవి. కాలవ పారాలంటే ముందు మట్టం తెలియాలి కదా.

సైతాను పూజ కథకు పుట్టిన ఊరూ తేదీ రెండూ ఉన్నాయి. లియో టాక్సిల్ అనే ఫ్రెంచి రచయిత 1880ల నుంచి మేసన్లు దెయ్యాన్ని కొలుస్తారని పుస్తకాల మీద పుస్తకాలు అచ్చేసి సొమ్ము చేసుకున్నాడు. 1897 ఏప్రిల్ 19న ప్యారిస్‌లో సభ పెట్టి, అదంతా తన కల్పనేనని తానే చెప్పేశాడు. మెసేజ్ పంపేవాళ్లు ఆ మొదటి సగాన్నే మోస్తున్నారు.

మతం మార్చడమన్నది ఇంకా విడ్డూరం. మేసన్‌గా చేరాలంటే దేవుడున్నాడని నమ్మాలి, మతం సంగతిలో అదొక్కటే షరతు. ఏ దేవుడన్నది ఎవరూ అడగరు. మన దేశపు లాడ్జీల్లో, అంటే వాళ్ల సంఘపు శాఖల్లో, భగవద్గీత, ఖురాన్, బైబిల్, గురుగ్రంథ్ సాహిబ్ పక్కపక్కనే పెడతారు. ఎవరి గ్రంథం మీద వాళ్లు ప్రమాణం చేస్తారు. మీటింగులో మతం, రాజకీయం చర్చించడమే నిషిద్ధం.

లండన్ పెత్తనం మాటకొస్తే, 1961 నవంబరు 24న ఢిల్లీలో మన లాడ్జీలకు సొంత కేంద్ర సంఘంగా గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. దాని తొలి గ్రాండ్ మాస్టర్, అంటే అధిపతి, రాంపూర్ నవాబు. దక్షిణాది లాడ్జీల వ్యవహారం చెన్నై చూస్తుంది. హైదరాబాదులో గోషామహల్ బారాదరి అందరికీ తెలిసిన మేసన్ల భవనమే. కోయంబత్తూరులో పిల్లల ఆసుపత్రి వాళ్ల పేరు మీదే నడుస్తోంది.

తప్పు పట్టాల్సినవి లేవని కాదు. తెల్లదొరల కాలంలో కలకత్తాలో ప్రసన్నకుమార్ దత్తు అనే హిందువు సభ్యత్వానికి ఏళ్ల తరబడి పోరాడితే 1872లో గానీ తలుపు తెరుచుకోలేదు. సోదరభావం గురించి చెప్పే ఈ గ్రాండ్ లాడ్జ్ లాడ్జీల్లో ఆడవాళ్లకు నేటికీ చోటు లేదు. ఆ మాట అడగండి, నేనూ మీతో కలిసి అడుగుతాను.

ఇంతకీ నాకెందుకింత బాధంటే, మా వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారున్నారు. నెలకోసారి నల్ల సూటు వేసుకుని, చేతిసంచిలో మేసన్లు మీటింగులో నడుముకు కట్టుకునే ఏప్రాన్ పెట్టుకుని రైలెక్కి లాడ్జి మీటింగుకు వెళ్తారు. భోజనాలయ్యాక రాత్రి బండికి తిరిగొస్తారు. మెసేజ్ వచ్చాక ఆయన దగ్గర లెక్కలు చెప్పించుకునే పిల్లల్ని ఇద్దరు తల్లులు మాన్పించేశారు. ఎందుకన్నది ఆయనకు ఎవరూ చెప్పలేదు. అయిదింటికి అరుగు మీద చాప పరిచి, ఆరు దాకా కూర్చుని, చుట్టి లోపల పెట్టుకున్నారు.

నాన్నకు మెసేజ్ చదివి వినిపించాను. మూలమట్టం తీసి తువ్వాలుతో తుడిచి, "రేపు మాస్టారి ప్రహరీ మూల కట్టాలమ్మా, ఇది సంచిలో పెట్టు" అన్నాడు.