ప్రజాస్వామ్యానికి ఒక బకెట్

అమెరికా సెనేట్ గురించి ఎక్కడ మాటొచ్చినా ఎవడో ఒకడు ఆ సాసర్ కథ ఎత్తుకుంటాడు. జెఫర్సన్ ఫ్రాన్స్ నుంచి తిరిగొచ్చి మొదటి అధ్యక్షుడు వాషింగ్టన్‌ని అడిగాడట, ఒక సభ ఉండగా ఇంకో సభ ఎందుకండీ అని, మరి నువ్వు టీ సాసర్‌లో ఎందుకు పోసుకున్నావ్ అని ఆయన, చల్లారడానికి అని ఈయన, సెనేట్ కూడా అందుకే అని ఆయన. ఆహా. ఇద్దరూ పోయిన ఎన్నో దశాబ్దాలకి గానీ ఈ కథ అచ్చులో కనపడలేదు, పక్కన కూర్చుని విన్నవాడెవడో ఎవరికీ తెలీదు. అయినా సరే సెనేటర్లు, ప్రొఫెసర్లు, డల్లాస్ నుంచి ఫ్యామిలీ గ్రూపులో జ్ఞానం పంచే మా బావ, అందరూ ఆ సాసర్ పట్టుకునే తిరుగుతుంటారు. సరే, చల్లార్చుకోండి. కాకపోతే వీళ్ల సాసర్‌లో ఒక చట్టం చల్లారడానికి 1900 నుంచి 2022 దాకా పట్టింది. ఆ సంగతికి తర్వాత వస్తా, ముందు కాసేపు నవ్వుకుందాం.

ఫిలిబస్టర్ తెలుసుగా, బిల్లుని ఓటింగ్ దాకా రానివ్వకుండా మాట్లాడుతూనే ఉండటం. వంద మందిలో 51 మంది ఓకే అన్నా బిల్లు పాసవదు, ఎందుకంటే ఓటింగ్ పెట్టాలంటే ముందు చర్చ ఆపాలి, చర్చ ఆపాలంటే 60 మంది కావాలి. రాజ్యాంగంలో ఈ 60 ఎక్కడుందా అని వెతక్కండి, లేదు. విదేశీ ఒప్పందాలకి, వీటోని తోసిపుచ్చడానికి మూడింట రెండొంతులు కావాలని శుభ్రంగా రాసుకున్న పెద్దమనుషులు మామూలు చట్టాలకి అలా రాయలేదు, అంటే రాయడం చేతకాక కాదు. మరి ఈ అడ్డు ఎలా వచ్చింది? ఆరన్ బర్ అనే మహానుభావుడు ఉపాధ్యక్షుడిగా ఉంటూనే 1804లో తన రాజకీయ ప్రత్యర్థి హామిల్టన్‌ని డ్యుయెల్‌లో, అంటే తుపాకుల ద్వంద్వయుద్ధంలో, కాల్చి చంపి, హత్య కేసు నెత్తిన ఉండగానే వచ్చి సెనేట్‌కి అధ్యక్షత వహించి, వెళ్తూ వెళ్తూ 1805లో మీ రూల్ బుక్ మరీ లావుగా ఉంది, చర్చ ముగించే ఆ రూలు మీరెలాగూ వాడట్లేదు, తీసేయండి అని సలహా ఇచ్చాడు. 1806లో తీసేశారు, దాంతో మామూలు మెజారిటీతో చర్చ ఆపే దారి పోయింది. అంతే. ఇప్పుడు దాన్నే వీళ్లు పూర్వీకుల దూరదృష్టి అంటున్నారు. పూర్వీకులు పుస్తకాల అల్మరా సర్దుకున్నారండీ బాబూ.

ఇక ఈ పవిత్ర సంప్రదాయానికి ఎవరెస్ట్ లాంటి ఘట్టం చెప్పకుండా ముందుకెళ్తే పాపం తగులుతుంది. 1957 ఆగస్టు 28 రాత్రి. సౌత్ కరోలినా సెనేటర్ స్ట్రోమ్ థర్మండ్. నల్లవాళ్ల ఓటు హక్కుకి సంబంధించిన పౌర హక్కుల బిల్లు వస్తోంది, దాన్ని ఆపాలి. మాట్లాడేవాడు సభ వదిలి బయటికెళ్తే మైకు పోయినట్టే, మరి బాత్రూమ్ సంగతి? అయ్యగారు ముందే స్టీమ్ బాత్‌లు చేసి ఒంట్లో నీళ్లన్నీ ఆవిరి చేసుకుని వచ్చారు. అయినా నమ్మకం లేక సభని ఆనుకుని ఉండే క్లోక్‌రూమ్ అనే గదిలో ఒక అసిస్టెంట్‌ని బకెట్ ఇచ్చి నిలబెట్టారు, అవసరం పడితే ఒక కాలు సభలో, ఇంకో కాలు క్లోక్‌రూమ్‌లో పెట్టి పని కానిచ్చే ఏర్పాటన్నమాట. ఆ అసిస్టెంట్ గురించి ఆలోచించండి ఒక్కసారి. చదువుకుని, సూటు వేసుకుని, దేశ రాజధానిలో ఉద్యోగం అని ఊళ్లో అమ్మానాన్నలు గర్వంగా చెప్పుకునే కుర్రాడు, ప్రపంచంలోకెల్లా గొప్ప చర్చా వేదిక గుమ్మం దగ్గర బకెట్ పట్టుకుని నిలబడ్డాడు. ఏం చేస్తున్నావురా అంటే ఏం చెప్తాడు, వాక్ స్వాతంత్ర్యాన్ని కాపాడుతున్నా అంటాడా?

లోపల అయ్యగారు అప్పటికున్న 48 రాష్ట్రాల ఎన్నికల చట్టాలు వరసగా చదివారు. స్వాతంత్ర్య ప్రకటన చదివారు, అదే, మనుషులంతా సమానంగా పుట్టారు అని రాసుందే ఆ కాగితం, దాన్ని చదువుతూనే నల్లవాళ్ల ఓటు హక్కు బిల్లు వద్దని వాదించారు. వాషింగ్టన్ వీడ్కోలు సందేశం చదివారు. మధ్యలో ఇంకో సెనేటర్ బ్యారీ గోల్డ్‌వాటర్ ఏదో రికార్డులో పెట్టించాలి అని లేచి జాలిపడి టైమిస్తే ఒకసారి బాత్రూమ్‌కి పరిగెత్తొచ్చారు. మొత్తం 24 గంటల 18 నిమిషాల ఊకదంపుడు. విశేషం ఏంటంటే దక్షిణాది సెనేటర్లు అప్పటికే ఆ బిల్లు కోరలు పీకేసి, ఇక ఫిలిబస్టర్ వద్దులే అని మాట్లాడుకున్నారు, అంటే ఈయన సొంతవాళ్లే వద్దన్న పని చేశాడు. ఆయన కూర్చున్న కొద్ది గంటల్లోనే బిల్లు 60-15తో పాసైపోయింది. ఒక్క ఓటు కూడా మారలేదు.

1935లో లూసియానా సెనేటర్ హ్యూయీ లాంగ్ 15 గంటలు మాట్లాడుతూ ఆయిస్టర్లు ఎలా వేయించాలో, ఆకుకూర ఉడికించిన నీళ్లతో పాట్‌లిక్కర్ ఎలా చేయాలో చెప్పాడు. ఆయన నయం, కనీసం వంటొచ్చింది.

ఇక నవ్వు ఇక్కడితో ఆపుదాం. థర్మండ్‌కి అప్పటికి 31 ఏళ్ల కూతురుంది. ఆయన తల్లిదండ్రుల ఇంట్లో పనిచేసే 16 ఏళ్ల నల్లపిల్లకి పుట్టిన కూతురు. ఆయన నూరేళ్లు బతికి 2003లో పోయాక గానీ ఆమె నోరు విప్పి లోకానికి చెప్పలేదు. అంటే 24 గంటలు నిలబడి చదివింది కన్నబిడ్డ జాతికి హక్కులు రాకుండా. దీన్ని కూడా సంప్రదాయం అంటారా?

మొదట్లో చెప్పానే ఆ చట్టం, అది మూకహత్యల మీద. నల్లవాళ్లని గుంపులుగా వచ్చి చెట్లకి వేలాడదీసి, ఆ శవాల పక్కన పిల్లల్తో సహా ఫోటోలు దిగి, వాటిని పోస్ట్ కార్డులు చేయించుకుని చుట్టాలకి పంపుకున్న రోజులవి. 1900లో కాంగ్రెస్‌లో మిగిలిన ఒకే ఒక్క నల్ల సభ్యుడు జార్జ్ హెన్రీ వైట్ దీన్ని కేంద్ర నేరం చేయాలని బిల్లు పెట్టాడు, కదల్లేదు. తర్వాత ప్రతినిధుల సభ 1922లో ఒకసారి, 1937లో ఇంకోసారి, 1940లో మళ్లీ పాస్ చేసి పంపింది. మూడుసార్లూ సెనేట్‌లోనే చచ్చింది, మాట్లాడి చంపారు, మాట్లాడతాం అని బెదిరించి చంపారు. ఎన్ని ప్రాణాలు పోయాయిరా ఆ మాటల కింద! 2005లో సెనేట్ క్షమాపణ తీర్మానం చేసింది, అది కూడా మూజువాణి ఓటుతో, ఎవడి పేరూ రికార్డులో పడకుండా. చివరికి 2022 మార్చిలో బైడెన్ సంతకం పెట్టాడు, 1955లో మిసిసిపీలో 14 ఏళ్లకే చంపేసిన ఎమెట్ టిల్ పేరు పెట్టి. 122 ఏళ్లు. ఏం చల్లారుస్తున్నారు మీరు, ఎవరి ఒళ్లు?

ఇప్పుడైతే నిలబడే శ్రమ కూడా లేదు. 1970ల నుంచి అభ్యంతరం ఉంది అని ఒక మాట ఆఫీసు నుంచి చెప్పిస్తే చాలు, సెనేటర్ ఇంట్లో నిద్రపోవచ్చు. 2012లో సెనేట్‌లో రిపబ్లికన్ల నాయకుడు మిచ్ మెకానెల్ తనే ఓటింగ్ పెట్టమన్న బిల్లుకి అవతలివాళ్లు సరే అనగానే 60 కావాలి అని తనకి తనే అడ్డుపడ్డాడు. 2010లో చిన్నప్పుడే కాగితాల్లేకుండా అమెరికా వచ్చిన పిల్లలకి అక్కడే ఉండే హక్కిచ్చే డ్రీమ్ యాక్ట్‌కి 55 అవును, 41 కాదు, ఓడింది 55. గ్రీన్‌కార్డుకి దేశానికింత అనే కోటా ఎత్తేసే బిల్లు, మా బావలాంటి వాళ్లందరూ కళ్లల్లో ఒత్తులేసుకుని చూసిందే, 2019లో ప్రతినిధుల సభలో 365-65తో గెలిచి సెనేట్‌కొచ్చి ఒక్కో సెనేటర్ అభ్యంతరం దగ్గరా ఆగుతూ, చివరికి 2020 డిసెంబర్‌లో వేరే రూపంలో పాసై, రెండూ కలవకుండానే గడువు ముగిసి పోయింది.

అలాగని 51 అంటే వీళ్లకి పడదని కాదు. కింది కోర్టుల జడ్జిల నియామకానికి 2013లో డెమొక్రాట్లు, సుప్రీంకోర్టుకి 2017లో రిపబ్లికన్లు 60ని పీకి పక్కన పడేశారు, పన్నుల కోతకైతే 51తోనే బడ్జెట్ బిల్లులు పాస్ చేసుకునే రీకన్సిలియేషన్ అనే దొడ్డిదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఓటు హక్కు బిల్లు వచ్చేసరికి మాత్రం సంప్రదాయం గుర్తొస్తుంది. 2022 జనవరి 19న డెమొక్రాట్లు అడిగింది కూడా ఫిలిబస్టర్ తీసేయమని కాదు, ఈ ఒక్క బిల్లుకి పాత పద్ధతిలో నిలబడి మాట్లాడండి చాలు అన్నారు, అంటే థర్మండ్ చేసినట్టే చేయండి, కావాలంటే బకెట్ తెచ్చుకోండి అన్నారు. 48-52తో అదీ కుదరదన్నారు. రెండు రోజుల ముందే మార్టిన్ లూథర్ కింగ్ సెలవు రోజు, ఆ 52 మందిలో కొందరు ఆయన్ని పొగుడుతూ ట్వీట్లు కూడా పెట్టారు.