తీగలుంటేనే నొప్పికి గౌరవం

తిరుపతిలో సొంత ఇల్లున్న ఇల్లాలికి ఒళ్లునొప్పులు రావడం శాస్త్రవిరుద్ధం. దర్శనానికి వచ్చే చుట్టాలందరూ కలిసి ఏకగ్రీవంగా తీర్మానించిన విషయమిది. తెల్లవారుజామున రైలు దిగినవారికి కాఫీ, అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి వచ్చినవారి కాళ్లకు వేడినీళ్లు, తిరుగు ప్రయాణానికి పులిహోర పొట్లాలు అందుతున్నంతకాలం ఆమెకు నొప్పి ఉందనడానికి ఆధారమేదీ?

ఎక్స్‌రేలోనూ ఏమీ లేదు మరి. ఒళ్లంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా అనే జబ్బులో నాడీవ్యవస్థే నొప్పిని ఎక్కువ చేసి చూపిస్తుందని, అది ఫిల్ము మీద పడదని డాక్టర్లు చెబుతారు. ఫిల్ము మీద పడని జబ్బును బద్ధకం ఖాతాలో రాయడం మన ఇళ్లలో ఆనవాయితీ.

ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికే ఎలక్ట్రో ఆక్యుపంక్చర్ పుట్టిందని నా దృఢ విశ్వాసం. మోకాలి కింద, చేతుల్లో సన్నని సూదులు గుచ్చి, వాటికి బుల్లి క్లిప్పులు తగిలించి, చిన్న పెట్టెలోంచి స్వల్పంగా కరెంటు పంపుతారు. (పేస్‌మేకర్ ఉన్నవారు దీని జోలికి పోకూడదు.) సెకనుకు 2 సార్లు పంపితే ఒంట్లో ఎన్‌కెఫలిన్, ఎండార్ఫిన్, 100 సార్లు పంపితే డైనార్ఫిన్ ఊరతాయని చైనాలో హాన్ జిషెంగ్ బృందం చూపింది. అంటే నొప్పి మందు మన ఒంట్లోనే ఉంది. అడిగే పద్ధతిలో అడగాలి.

ఉత్త సూదుల కంటే కరెంటు సూదులే నొప్పిని, బిగుసుకుపోవడాన్ని బహుశా మెరుగ్గా తగ్గిస్తాయని వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2013 నాటి సమీక్ష తేల్చింది. కాకపోతే ఆ గుణం నెల వరకే కనిపించిందట, ఆరు నెలలకు నిలవలేదట. ఆ ఆరు నెలల్లో ఇంటికి ఎన్ని చుట్టాల బృందాలు దిగాయో సమీక్షకులు లెక్కించినట్టు లేదు.

2021లో వెలువడిన అమెరికా అధ్యయనంలో ఈ జబ్బున్నవారిలో కొందరికి కరెంటు సూదులు, మిగిలినవారికి ఉత్తుత్తి లేజరు పెట్టారు. సూదుల వారికి నొప్పి ఎక్కువగా తగ్గింది. మెదడులోని ఇన్సులా భాగంలో నాడులను శాంతపరిచే గాబా అనే రసాయనమూ పెరిగింది. బాగానే ఉంది. కానీ రెండు జట్లనూ హాయిగా పడుకోబెట్టారు కదా! మూడో జట్టును వంటగదిలో నిలబెట్టి ఉంటే లెక్క తేలేది. ఒంటినిండా తీగలున్న మనిషిని ‘కాస్త కాఫీ పెట్టమ్మా’ అని అడగడానికి ఆడపడుచుకైనా నోరు రాదు. ఈ గుణానికి ఇంకా ఏ శాస్త్రజ్ఞుడూ పేరు పెట్టలేదు.

తిరుపతి కొర్లగుంటలో ఒక పెద్దమనిషి భార్య వెంట వెళ్లి, చికిత్సంతా శ్రద్ధగా గమనించి, డాక్టరును ఒకే ఒక్క సందేహం అడిగారు: “తీగ ఇంకాస్త పొడుగ్గా ఉండేది దొరుకుతుందాండీ? పొయ్యి దాకా వస్తే చాలు.”